మామిడాకుల మీద బొడిపెలు

అక్కా,

నువ్వు పోయినంక ఏడాది పండుగలు చెయ్యలే. ఈ ఉగాదికన్న తోరణం కడదామని, నువ్వు మన్సూరాబాద్ ఇంట్ల పెట్టిన మామిడి చెట్టు దగ్గరికి పోయిన. ఆకుల నిండా మిరియాలంత బొడిపెలు! ఒక ఆకు తెంపుకొని చంపాపేట్ నర్సరీకి ఉరికిన.

నర్సరీ ఆయన గోరుతోని బొడిపె చీల్చిండు. లోపల సన్న పురుగుంది.

"దోమసొంటి చిన్న ఈగ గుడ్లు పెడితె ఇట్లయితది. చెట్టుకేం గాదమ్మా, పరేషాన్ గాకు," అన్నడు.

ఏం గాదని నువ్వు గూడ అన్నవ్, మెడ మీది గడ్డను కొంగుతోని కప్పుకుంట. నేను నమ్మిన.

ఆయన మాట నమ్మలే. రోజు పొద్దున స్టూలెక్కి కొత్తాకులన్ని ఒక్కొక్కటే తడిమి చూస్తున్న. చెట్టయితే నన్ను చెయ్యి పెట్టనిస్తది అక్కా.