యాదగిరి చెంప మీద అగ్గిపుల్ల

12 మార్చి 1991, మంగళవారం

ఒళ్లు హూనమైపోయింది. అయినా నిద్ర పట్టడం లేదు.

ఫిల్మ్‌నగర్ సెట్లో పొద్దంతా ఒక్క అగ్గిపుల్లతోనే సరిపోయింది. హీరోగారు రౌడీ చెంప మీద పుల్ల గీసి సిగరెట్ వెలిగించాలట. అసిస్టెంట్ డైరెక్టర్‌ని, నోరు మూసుకుని ఉండొచ్చుగా! ఇప్పటి పుల్ల పెట్టె పక్కన తప్ప అంటుకోదని చెప్పాను. పాతకాలం పుల్లలు గోడకి గీసినా మండేవి. కానీ వాటిలోని తెల్ల భాస్వరం, ఫ్యాక్టరీల్లో వాటిని తయారుచేసే ఆడవాళ్ల దవడ ఎముకల్ని కుళ్లబెట్టేది. అందుకే తర్వాత విషం లేని ఎర్ర భాస్వరాన్ని పెట్టె పక్కన పూయడం మొదలుపెట్టారు. ఇంత చెబితే డైరెక్టర్‌గారి చెవికెక్కింది ఒక్క ముక్కే.

"అయితే ఆ పట్టీ కోసి వాడి దవడకి అంటించవయ్యా. గడ్డంలో కలిసిపోద్ది!"

నా చేత్తోనే అంటించాను. ఎవరివో దవడలు బాగుండాలని పెట్టె మీదికి మార్చిన మందు, మళ్లీ దవడ మీదికే వచ్చింది.

రౌడీ వేషం యాదగిరిది. కృష్ణానగర్ నుంచి టిఫిన్ కూడా తినకుండా వచ్చాడు. ఎన్ని టేకులకో గానీ పుల్ల వెలగలేదు. వెలగగానే సెట్టంతా చప్పట్లు. అతని చెంప మీద బొబ్బ.

బర్నాల్ రాస్తుంటే అన్నాడు: "జర మండుతాంది, గంతే. ఫికర్ చెయ్యకుండ్రి సార్. తెర మీద నా మొఖం కనబడ్తదా?"

క్లోజప్‌లో ఉన్నది హీరోగారి వేళ్లు, పుల్ల, కాస్తంత చెంప. అంతే.

కనబడుతుందని తలూపాను.