ఆరు పసుపు గోలీలు

అక్కా, బాగున్నావా? ఏ నొప్పీ లేని చోటే ఉన్నావనుకుంటున్నాను. మొన్నటితో నువ్వు పోయి పదకొండు అమావాస్యలైంది. అమావాస్య నాడు నేయని వాళ్లం కదా, మనకు నెలలకంటే అవే గుర్తుంటాయి.

గద్వాలలో అంతా మామూలే. మగ్గం మీద నా పక్కన నీ జాగాలో ఇప్పుడు నా ఆడబిడ్డ కూర్చుంటోంది. అంచు పోగు అటూ ఇటూ తిప్పే నాడె బాగానే వేస్తుంది. కానీ పాట లేదు, తిట్టు లేదు. నీ తిట్లు లేకపోతే నాకు పని సాగడం లేదే...

చెప్పకూడదనుకున్నాను గానీ, నీకు కాక ఎవరికి చెప్పను? నీ కీళ్లవాతం నాకూ వచ్చింది. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి మూసుకోదు. కొంగు దగ్గర పత్తి పోగులకు పట్టు పోగులు ఒక్కొక్కటే మెలేసి అతకాలి కదా. మొన్న ఇరవై పోగులు అతికేసరికి ఏడ్చేశాను.

మన వీధిలో సూదులిచ్చే ఆయన దగ్గరే తెల్ల గోలీలు తెచ్చుకున్నాను. రెండ్రోజుల్లో వేళ్లు కదిలాయి. పదిహేను రోజులు మింగాను. అయినా భయం పోక, కర్నూలులో నిన్ను చూసిన డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నీకు చెప్పిందే నాకూ చెప్పింది. పసుపు గోలీ వారానికి ఒక్కటి. గుణం కనబడడానికి రెండు మూడు నెలలు. మధ్య మధ్య రక్తపరీక్షలు. కడుపుతో ఉంటే అసలు వాడకూడదు. తెల్లదేమో నొప్పిని అణచిపెడుతుంది గానీ, ఏళ్ల తరబడి మింగితే ఎముకలను, కడుపును తినేస్తుందట.

ఆలోచించి వస్తానని చెప్పి వచ్చేశాను. మూడు నెలలు ఎట్లా ఆగాలి? నువ్వుంటే ఒక్క ముక్కలో తేల్చేసేదానివి. "ఆ పసుపుదాంట్ల ఏం లేదే చెల్లె, ఉత్త వాంతులు. తెల్లది ఏస్కో, నాడె ఉర్కుతది." నీ మాటే విందామనుకున్నాను.

అంతలో మగ్గం గుంట పక్కన గూడు దులుపుతుంటే నీ వక్కల డబ్బా దొరికింది. అందులో పసుపు గోలీల పట్టీ. పదిట్లో ఆరు మిగిలే ఉన్నాయి. నాలుగు నెలలు వాడినా గుణం లేదన్నావు కదక్కా... నాలుగు నెలలకు నాలుగే గోలీలా?

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి గోలీ వేసుకున్న రోజంతా కక్కుకున్నావు. మగ్గం ఒకరోజు ఆగిపోయింది. "వారం వారం గిట్ల పండుకుంటే చీర ఎప్పుడు దిగుతది? అమాస నాడు ఎట్లాగూ నెయ్యం, గప్పుడే ఏస్కుంట" అన్నావు. అప్పుడు ఎవరిదో పెళ్లి చీర మగ్గం మీద ఉంది. అదే మంచిదక్కా అన్నది నేనే.

వారం మందు నెలకొకటి వేసుకుంటే ఎట్లా పనిచేస్తుంది? పనిచేయలేదని దాన్ని తిట్టిపోసి తెల్లదాని మీద పడ్డావు. పైనుంచి నొప్పి గోలీలు, అదీ పరగడుపున. కడుపులో పుండు పగిలేదాకా. తప్పు మందుది కాదు. నీ ఒక్కదానిదీ కాదు. పక్కనే కూర్చుని తల ఊపినదాన్ని నేను.

పట్టీ పట్టుకుని మళ్లీ కర్నూలు పోయి డాక్టరమ్మకు అంతా చెప్పాను. వాంతులైతే నాతో అనాల్సింది, దానికీ మార్గం ఉండేది అంది. ఒక్క మాట అక్కా. మనిద్దరిలో ఒక్కరమైనా ఎందుకు అనలేదు?

నాకు పసుపుదే రాయించుకున్నాను. తెల్లది ఒక్కసారిగా మానొద్దంది, కొంచెం కొంచెంగా తగ్గిస్తోంది. వేళ్లు మునుపటిలా అవుతాయో లేదో తనూ చెప్పలేనంది.

ఇవాళ శనివారం. పొద్దున మొదటి గోలీ వేసుకున్నాను. కడుపులో తిప్పుతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి. చీర సగంలో ఉంది. ఆడబిడ్డ రెండుసార్లు పిలిచింది, పోలేదు. నీ ఆరు గోలీలు మళ్లీ గూట్లోనే పెట్టాను, వేసుకోవడానికి కాదు.

ఆ రోజు నువ్వు వాకిట్లో ఒక్కదానివే కూర్చుని కక్కుకుంటుంటే నేను మగ్గం దిగి రాలేదు. ఇవాళ దిగాను. వచ్చే శనివారం కూడా దిగుతాను అక్కా.

నీ చెల్లెలు