ట్రాలీ మీది విమానం

అన్నా,

పొద్దున్నుంచి ముసురు. పత్తి ఏరడం కుదరక నీ ట్రాక్టర్ ట్రాలీలో మట్టి ఎత్తిపోశాం. నీ సంవత్సరీకం మొన్ననే అయింది, అప్పుడే, ఈరోజే, నీ కొడుకు ఆ ట్రాలీని కవితాళ ఊరాయనకు అమ్మేశాడు.

వెనక తలుపు మీది కాంకర్డ్ విమానం బొమ్మ చూసి ఆయన, "ఏందిది, మెడ ఇరిగిన కొంగనా?" అని నవ్వాడు. దిగేటప్పుడు నడిపేవాడికి రన్‌వే కనపడాలని ముక్కు వంచుతారని, ఆ విమానాలు ఎగరడం ఆగిపోయిన ఏడాది నువ్వు పెయింటర్‌తో కొట్లాడి అట్లాగే గీయించావని చెప్పాను. దానిలాగే శబ్దవేగాన్ని మించి పోయే విమానాలు మళ్లీ తయారవుతున్నాయని పేపర్లో వచ్చిన సంగతి కూడా చెప్పాను.

"ఊకో చిన్నాయనా, బేరం చెడతది," అని నీ కొడుకు బ్రష్ తెచ్చి ముక్కు తిన్నగా గీసేశాడు. అసహ్యమేసింది. వాడిచ్చిన టీ పారబోశాను.

మధ్యాహ్నం కవితాళ ఆయన ట్రాలీ తీసుకుని వెళ్లిపోయాడు.