మొదలాళిని మళ్ళీ అడగొద్దు

నాయనా,

కుండలో సంగటి ఉంది, పులుసు వేడిచేసుకో. నేను సింగానల్లూరు మిల్లులో పని అడగడానికి పోతున్నాను. లా కాలేజీ ఫీజుకు సహాయం చేయమని మీ యజమానిని, ఆ మొదలాళిని మళ్ళీ అడగొద్దు.

నువ్వు చెప్పినట్టే నిన్న ఆయనతో మన తెలుగులోనే మాట్లాడాను. "అరె, మనోళ్ళ బిడ్డవా! కూసో అమ్మీ, కూసో" అని సంబరపడ్డారు. నేను వకీలు కావాలనుకోవడం ఎంత మంచిదో ఆయనే నాకు చెప్పారు. తరవాత మనది ఏ వీధి అని అడిగారు. చెప్పాను. ఆపైన అంతా తమిళమే. "పార్క్కలామ్మా" అన్నారు, చూద్దాంలే అని.

అమ్మకు మాత్రం సీటే రాలేదని చెప్పు.

పేచ్చి

ఆయన నన్ను లెమ్మనలేదు నాయనా. వీధి పేరు చెప్పగానే నేనే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.