రీస్టార్ట్ చేసింది ఎవరు?

మంగళవారం, ఉప్పల్

ఇంత చవకబారు మనిషి కింద నాలుగేళ్లుగా పనిచేస్తున్నందుకు ఇవాళ నాకే సిగ్గేసింది.

నాచారం ఫ్యాక్టరీలో లేబుళ్లు ముద్రించే కంప్యూటర్ నిన్న టీ సమయంలో ఆగి మళ్లీ మొదలైంది. ఆ తర్వాత లేబుళ్లన్నీ తప్పుగా పడ్డాయి. మేనేజర్ క్షణం ఆలోచించకుండా ఆ తప్పును ఆపరేటర్ సరితక్క మీదికి తోసేశాడు. "నువ్వే బంద్ జేసినవ్. రేపటి సంది రాకు," అన్నాడు.

అయినా ఆమె పొద్దున్నే, ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే నా దగ్గరికి వచ్చింది. "తమ్మీ, నేను ముట్టనే లేదు. జర సూడరాదూ?" అంది.

చూడటానికి ఎంతసేపు? కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే పవర్‌షెల్‌లో నాలుగు లైన్ల స్క్రిప్టు రాస్తే రీస్టార్టుల చరిత్ర మొత్తం బయటపడింది. ఏ నిమిషానికి, ఎవరి లాగిన్‌తో జరిగిందో వరసగా ఉంది. నిన్నటి దాని పక్కన మేనేజర్ పేరే ఉంది.

ప్రింటు తీసి ఓనర్ ముందే మేనేజర్‌కిచ్చాను. "గీ కంప్యూటర్ల మాట ఎవరన్న నమ్ముతరా?" అని నవ్వాడు. మేం పనికి రెండు నిమిషాలు ఆలస్యమైతే మాత్రం హాజరు వేసే కంప్యూటర్ మాట వేదవాక్కు, మహానుభావుడికి!

ఓనర్ సరితక్కను పనిలోకి రమ్మన్నాడు. ఆమెకు క్షమాపణ ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం మేనేజర్ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "తమ్మీ, నా పేరున్న ఆ ఒక్క లైన్ తీసెయ్యొస్తదా?"

రాదన్నాను. నిజానికి వస్తుందో రాదో నాకూ తెలియదు. తెలుసుకోను కూడా. ఇక నా మీద పగబడతాడేమో...