అక్షరాలున్న చాప

కోదాడ,
ఆదివారం మధ్యాహ్నం.

సోమక్కకు, బావకు మీ రేణుక దండాలు పెట్టి రాస్తున్నది. అక్కా, నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ మిర్యాలగూడ మిల్లు నుంచి వచ్చాడా, ఇంకా అక్కడే మూటలు మోస్తున్నాడా? గొర్రెలకు మందు తాపించారా? నా గురించి పరేషాన్ కావద్దు, నేను బాగానే ఉన్నాను. నీ దగ్గరున్న నా బిడ్డ సిరి సంగతి చివర అడుగుతాను. ముందే అడిగితే ఈ ఉత్తరం ముందుకు సాగదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేంది అంటావు. ఫోన్ చేస్తే నువ్వు గొర్రెల వెనక ఉరుకుతుంటావు, నేను పొయ్యి ముందు ఉంటాను. సిరి "ఆఁ", "ఊఁ" అని మళ్ళీ నీ చేతిలోనే పెడుతుంది. ఇంక మాట్లాడేదెక్కడ?

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. నాది రేకుల గది కదా, మధ్యాహ్నం కూర్చోలేము. అయినా బాగానే ఉన్నాను. జొన్నరొట్టె చేసుకుందామంటే ఒక్కదానికోసం పిండి కలపబుద్ధి కాదు. కూరగాయలామెతో "పైసలు గాడ పెట్టిన" అంటే "ఎక్కడ?" అని రెండుసార్లు అడిగి నవ్వుతుంది. సూర్యాపేట దాటితే మన మాటకు ఇంత నవ్వేంది? సిరి నాయన పోయి, నేను ఈ ఊరొచ్చి రెండేళ్ళు దాటింది. ఇప్పటికీ ఆమెకు నా మాట అర్థం కాలేదంటే నమ్మను.

ఈ నెల ఒక వింత జరిగింది. నేను వంట చేసే ఇంటి మేడం నన్ను ఒక విషయంలో సలహా అడిగింది! ఆమెది బ్యాంకులో పని. వాళ్ళాయన ఊళ్ళు తిరిగే ఉద్యోగం. కూతురు జానూది మన సిరి ఈడే, మూడో తరగతి. మేడం తమ్ముడు సింగపూర్ నుంచి ఆ పిల్లకు ఒక వీడియో గేమ్ తెచ్చాడు. పాట వస్తుంటే టీవీలో కింది నుంచి బాణాలు పైకి లేస్తాయి. నేల మీద ఒక ప్లాస్టిక్ చాప పరిచి ఉంటుంది, దాని మీదా బాణాల గళ్ళుంటాయి. టీవీలో బాణం పైగీతకు చేరగానే, సరిగ్గా పాట దరువు పడే ఆ దెబ్బకే ఇక్కడ అదే గడి తొక్కాలి. ఇట్లాంటి చాపలు రెండు తెచ్చాడు.

"రేణుకా, ఈ గేములతో పిల్లలు చెడిపోతారని అందరూ అంటున్నారు. నేను వచ్చేసరికి ఏడవుతుంది. నువ్వు ఒక వారం దగ్గరుండి చూడు. కొట్టుకోవడాలు, కాల్చుకోవడాలు ఏమన్నా ఉన్నాయా, పిల్లలకు మంచిదేనా, ఇంట్లో అందరూ ఆడుకునేదేనా, చూసి చెప్పు" అంది మేడం.

నవ్వకు. కూరలో ఉప్పు తప్ప ఇంకే విషయంలోనూ నా మాట ఎవరూ అడగని ఊళ్ళో నన్ను ఈ మాట అడిగితే, నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు.

మొదటి రోజే ఆగమయ్యాను. రెండో చాప ఎక్కమని జానూ నా చెయ్యి గుంజింది. చూస్తే చాప నిండా ఇంగ్లీషు అక్షరాలు. "అమ్మో, అక్షరాలున్నయి బిడ్డా, కాలెట్ల పెడ్త?" అన్నాను. పుస్తకానికి కాలు తగిలితేనే వీపు మీద ఒక్కటిచ్చేదానివి గదా నువ్వు. వంగి చాపను తాకి, కళ్ళకద్దుకుని అప్పుడు ఎక్కాను. ఎక్కితే ఏమైంది? గళ్ళు కనబడేసరికి నా కాళ్ళకు తొక్కుడుబిళ్ల గుర్తొచ్చింది. ఒంటికాలి మీద, గీత తొక్కకుండా గెంతడం మొదలుపెట్టాను. టీవీలో ఎర్రగా ఏదో మాట పడుతూనే ఉంది. జానూ పడీపడీ నవ్వుతూ "ఆంటీ, మిస్! మళ్ళీ మిస్!" అని అరిచింది. బడిలో టీచరమ్మను పిలిచినట్టు నన్ను మిస్ అంటోంది అనుకుని, సిగ్గులేకుండా ఇంకా జోరుగా గెంతాను. అది తప్పినట్టు లెక్క అని తరువాత తెలిసింది.

కానీ వారం రోజులూ శ్రద్ధగా చూశానక్కా. తుపాకులు లేవు, తిట్టుకోవడాలు లేవు. పాటలు ఇంగ్లీషువి, మాట అర్థం కాలేదు గానీ దరువు మాత్రం బాగుంది. పిల్లకు ఒళ్ళంతా చెమట పట్టి, నేను వెంటపడకుండానే రెండు ముద్దలు ఎక్కువ తింటోంది. కింది వాటా ముసలాయన చప్పుడని అరిస్తే చాప కింద బొంత పరిచాము. ఇదంతా మంచే. నాకు నచ్చనిది ఒక్కటే. ఒక్కతే ఆడినప్పుడు ఆ పిల్ల మొహం గోడలాగా ఉంటుంది. పిలిస్తే పలకదు. నేను పక్కన ఎక్కితే మాత్రం తప్పుతుంది, నవ్వుతుంది, నా కాళ్ళు చూస్తుంది.

శనివారం మేడం పెందలాడే వచ్చింది. "ఏమంటావు మరి?" అంది.

"ఆటల తప్పు లేదు మేడం. ఒక్కతే ఆడితే టీవీ దిక్కే సూస్తది. ఇద్దరాడితే పక్కకు సూస్తది. గానీ ఆ రెండో చాప మీద ఎక్కాల్సింది నేను గాదు, మీరు" అన్నాను.

అన్నాక, వంటమనిషివి వంట చూసుకో అంటుందనుకున్నాను. మేడం హ్యాండ్‌బ్యాగు సోఫాలో పడేసి, కొంగు నడుముకు దోపి చాప దగ్గరికి వచ్చింది. జానూ చెయ్యి అడ్డంపెట్టి, "అమ్మా, ఆగు. ముందు కళ్ళకద్దుకో. అక్షరాలున్నయి" అంది. అచ్చం నా మాటే! మేడం నా దిక్కు ఒకసారి చూసి, వంగి కళ్ళకద్దుకుంది.

ఇద్దరూ ఎంత నవ్వారో. మేడం నాకంటే ఎక్కువ తప్పింది. నేను కాసేపు నిలబడి చూశాను. నన్ను ఎవరూ రమ్మనలేదు, ఎందుకంటారు? వంటింట్లోకి పోయి, ఉడికిన అన్నాన్నే మళ్ళీ కలుపుతూ ఏడ్చాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను.

ఇప్పుడు సిరి సంగతి. దసరాకు నేను మీ ఇంటికి వచ్చినప్పుడు, బయట తోటి పిల్ల "ఆమె ఎవలే?" అంటే అది ఏమందో నువ్వూ విన్నావు. "మా కోదాడమ్మ" అంది. నువ్వు నవ్వావు, నేనూ నవ్వాను. నీ మీద కోపం లేదక్కా. ఉంది, కొంచెం ఉంది. నా బిడ్డను కన్నదానికంటే ఎక్కువ చూసుకుంటున్నదాని మీద కోపమేంది అని నన్ను నేనే తిట్టుకుంటాను, అయినా ఉంది.

ఇయ్యాల పొద్దున గది కడిగి, నేల మీద సుద్దముక్కతో ఆ గళ్ళు గీద్దామని కూర్చున్నాను. నాదొకటి, సిరిదొకటి. టీవీ లేకపోతే ఏం, నేను చప్పట్లు కొడతాను. నా పాదం పెట్టి నా గళ్ళు గీశాను. దాని గళ్ళ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నా బిడ్డ పాదం ఎంతుంటుందో నాకు తెలియదక్కా. దసరాకు తెచ్చిన చెప్పులు కూడా పట్టలేదు కదా, పక్కింటి పిల్లకు ఇచ్చావు.

అందుకే అడుగుతున్నాను. ఎండాకాలం సెలవులకు దాన్ని నా దగ్గరికి పంపు. తుంగతుర్తి దాకా నేనే వచ్చి తీసుకుపోతాను. ఉండగలిగితే ఇక్కడే బడిలో వేస్తాను. ముందు దాన్నే అడుగు. రానంటే తిట్టకు, బతిమాలకు. రానన్నదని నాకు రాయి, చాలు.

మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. నాకు ధైర్యం ఉండాలని నువ్వూ బావా దీవించండి. జవాబు రాసేటప్పుడు సిరిని కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. ఒక పాదంలో "అమ్మకు" అని దానిచేతే రాయించు. కోదాడ అని రాయక్కర్లేదు, అది కవరు మీద ఎట్లాగూ ఉంటుంది. సిరి రాకపోయినా ఆ కాగితం మాత్రం పంపు. అక్షరాలున్నయి కదా, కళ్ళకద్దుకుంటాను.

నీ చెల్లె,
రేణుక