నాలుగు డిగ్రీలు

ప్రియమైన అమ్మకు,

ఫోన్లు గేటు దగ్గరే లాగేసుకున్నారు, ఇంటికి వెళ్లేదాకా ఇవ్వరట. అప్పటిదాకా ఆగితే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను, అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడి గోల్ఫ్ కోచ్‌కి అమ్మాయిలు కొలబద్ద అని పేరు పెట్టారు. ఎందుకో మొదటిరోజే తెలిసింది. నేను క్లబ్బు పట్టి నాలుగు బంతులు కొట్టగానే వచ్చి, నా పక్కన నేలలో ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని ఏటవాలుగా గుచ్చాడు. "క్లబ్బు నీ చుట్టూ ఈ వాలులో తిరగాలమ్మా. నీది పక్క మీద పడుకున్నట్టు తిరుగుతోంది. స్వింగ్ ప్లేన్, అంటే ఆ తిరిగే వాలే తప్పు. ఎవరు నేర్పారు?" అన్నాడు. మా అమ్మ అన్నాను. ఎక్కడ ఆడేవారని అడిగాడు. ఆడదు, క్లబ్బులు బాగుచేస్తుంది అన్నాను. మిగతా పదిమందీ కిసుక్కున నవ్వారు.

అకాడమీ వాళ్లు అందరికీ కొత్త క్లబ్బులిచ్చారు. వాటితో కొడితే నా బంతి ప్రతిసారీ ఎడమకే పోతోంది. ఇవి నాకు పడటం లేదంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అన్నాడు. ఎనిమిదేళ్లుగా నా బంతి గీత గీసినట్టు వెళ్లింది. అది ఆయన చూడలేదు కదా.

ఐదు వారాల్లో జట్టు ఎంపిక. పదకొండుమందిమి, నాలుగే చోట్లు. నా పాత క్లబ్బుల సంచి వెంటనే పంపు. ఆయన నోరు మూయిస్తాను.

నీ పిడుగు

*

నా పిడుగుకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా ఈ షెడ్డు కిటికీలోంచి మైదానంలో ఆడేవాళ్లందరి స్వింగులూ చూస్తున్నాను. అరిగిన క్లబ్బు చేతికిస్తే దాని యజమాని ఎలా కొడతాడో చెప్పగలను. ఆ పెద్దమనిషికి గొట్టాలు పాతడం తప్ప ఏం వచ్చు? నీ స్వింగు జోలికి రావద్దన్నానని చెప్పు.

సంచి సంగతంటావా, చేత్తో పట్టుకునే రబ్బరు గ్రిప్పులన్నీ చిరిగి ఉన్నాయి. మార్చే తీరిక లేదు, పోటీల రోజులు కదా, షెడ్డు నిండా పనే. కొత్తవాటితోనే కాస్త కుడివైపు గురిపెట్టి కొట్టు, సరిపోతుంది. వేళకి తిను.

అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

కుడివైపు గురిపెట్టాను. రెండు బంతులు చెట్లలోకి, మూడోది ఇసుక గుంటలోకి. ఎనిమిదేళ్లలో ఒక్కనాడైనా పక్కకి గురిపెట్టమన్నావా నువ్వు? ఇప్పుడేమిటి ఈ సలహా?

గొట్టం పక్కన నిలబడి కొట్టనని చెప్పేశాను. నీ మాటగానే చెప్పాను. కొలబద్ద నన్ను పొద్దుటి బ్యాచ్‌లోంచి తీసేసి, గోడ పక్కన వల కట్టిన మూలకి పంపాడు. నీ మాట నిలబెట్టబోయి నేను మూలన పడ్డాను.

పధ్నాలుగు క్లబ్బులకి గ్రిప్పులు మార్చడం నీకు ఒక పూట పని. ఊళ్లోవాళ్ల క్లబ్బులన్నిటికీ తీరిక ఉంది, కన్నకూతురి వాటికే లేదు. ఇంక పంతొమ్మిది రోజులే ఉన్నాయి.

నీ కూతురు

*

పిడుగూ,

సంచి పంపాను. గ్రిప్పులు మార్చాను. కొట్టుకో, అంతే. ఎవరి చేతికీ ఇవ్వకు. ఎవరినీ కొలవనివ్వకు.

అమ్మ

*

అమ్మకు,

సంచి వచ్చిన పొద్దున్నే అందరి ముందూ పది బంతులు కొట్టాను. పదీ తిన్నగా వెళ్లాయి. నేను తల ఎగరేసి కొలబద్ద వైపు చూశాను. ఆయన చెయ్యి చాపి, "ఆ సెవెన్ ఐరన్ ఒకసారి ఇవ్వమ్మా" అన్నాడు. ఇవ్వొద్దన్న నీ మాట గుర్తుంది. ఇవ్వకపోతే ఏదో దాస్తున్నట్టు ఉంటుందని ఇచ్చాను.

వర్క్‌షాపులో కొలత యంత్రానికి బిగించాడు. కర్రా తలా కలిసే మెడ దగ్గర నాలుగు డిగ్రీలు కిందికి వంచి ఉంది. ఎయిట్, నైన్, ఇనుప తలలున్న ఐరన్లన్నీ అంతే. "కార్ఖానా పొరపాటు కాదిది. చేత్తో, చాలా శ్రద్ధగా వంచారు. నీ స్వింగు తప్పుని ఈ వంపు మింగేసింది, అందుకే బంతి తిన్నగా పోయేది" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన మెచ్చుకున్నాడు నిన్ను.

ప్రతి ఆదివారం సాయంత్రం తుడిచి పెడతానని నా క్లబ్బులు షెడ్డులోకి తీసుకెళ్లేదానివి. సోమవారం బంతి తిన్నగా వెళ్తే, అద్దం ముందు నేను చేసిన సాధన ఫలించిందని గంతులేసేదాన్ని. నువ్వు చూసి నవ్వేదానివి. ఎలా నవ్వగలిగావమ్మా?

ఇంక పది రోజులున్నాయి. నాకు ఆట వచ్చో రాదో కూడా నాకు తెలియదు.

*

పిడుగూ,

అవును, నేనే వంచాను.

నీకు పన్నెండేళ్లు. బంతులన్నీ ఎడమకి పోతున్నాయని క్లబ్బు షెడ్డు గుమ్మంలో విసిరికొట్టి, ఇంక ఆడనన్నావు. ఆ పూట ముద్ద ముట్టలేదు. నేను దాన్ని వైస్‌లో బిగించి అర డిగ్రీ వంచాను. మర్నాడు వెలిగిన నీ మొహం చూశాక, అంతటితో ఆపుదామనుకున్నాను. నువ్వు పెరిగేకొద్దీ స్వింగు ఇంకా వాలింది, నేను ఇంకా వంచాను.

నీ తప్పు కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. దిద్దడం చేతకాలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నిన్ను వంచలేక ఇనుమును వంచాను. నేర్పడం రాదని ఒప్పుకుని, వచ్చినవాళ్ల దగ్గరికి పంపాల్సింది. నువ్వు కనపడినవాళ్లందరికీ 'మా అమ్మే నేర్పింది' అని చెప్పేదానివి. ఆ మాట వదులుకోలేకపోయాను. అదీ నిజం. ఆ కోచ్ మీద ఎగిరిందంతా, పట్టుబడతానన్న భయం.

వంచిన క్లబ్బులతో ఆడటం తప్పు కాదు, నియమాలు ఒప్పుకుంటాయి. వాటితో ఆడితే నీకు చోటు ఖాయం. ఏం చేస్తావో నీ ఇష్టం. సలహా చెప్పే మొహం నాకు లేదు.

అమ్మ

*

అమ్మకు,

ఎంపిక అయిపోయింది. నాకు చోటు రాలేదు. తొమ్మిదోదాన్ని.

కొత్త క్లబ్బులతోనే ఆడాను. "నీ పాతవాటితో ఆడు, స్వింగు సంగతి తర్వాత చూద్దాం" అని కోచే చెప్పాడు. వద్దన్నాను. ఆ చోటు వస్తే నీకు వచ్చినట్టు, నాకు కాదు. నీ ఉత్తరం అందాక మిగిలిన నాలుగు రోజులూ ఆ గొట్టం పక్కన నిలబడి చేతులు బొబ్బలెక్కేలా కొట్టాను. ఎనిమిదేళ్ల అలవాటు నాలుగు రోజుల్లో పోతుందా? ఎడమకి పోయేవి పోయాయి, కొత్తగా కుడికీ పోయాయి. మొదట నవ్విన పదిమందీ ఈసారి నవ్వలేదు, అది ఇంకా మంటగా ఉంది.

చివరిరోజు పధ్నాలుగో హోల్ దగ్గర ఒక్క బంతి తిన్నగా వెళ్లింది. జెండా దాకా కూడా పోలేదు, మధ్యలోనే పడింది. కానీ దాని వెనక ఎవరూ లేరమ్మా, నేను తప్ప.

వచ్చే ఏడాది మళ్లీ ఎంపిక ఉంది. ఇక్కడే ఉంటాను. నా మీద జాలిపడుతూ ఉత్తరం రాయకు, కోపం ఇంకా అలాగే ఉంది.

పాత సంచి తిరిగి పంపుతున్నాను. అన్నిటినీ మామూలు కొలతకి తెచ్చి పంపు. అంత వెనక్కి వంచితే మెడలు విరిగిపోతాయని ఇక్కడి వర్క్‌షాపువాళ్లు భయపెట్టారు. మీకిస్తే విరుగుతాయి, మా అమ్మ చేతిలో విరగవు అన్నాను. ఆ మాట నిన్ను క్షమించి అన్నది కాదు.

సెలవులకి వచ్చి నేను వాటితో కొట్టినప్పుడు బంతి ఎడమకి పోతే పోనీ. నువ్వు చూస్తూ ఊరుకో.

నీ పిడుగు